పులి రంగు పడని వీపు

జిమ్ముకెళ్ళేవాళ్ళకి తమ ఒంటి సంగతి అంతా తెలుసు, వీపు తప్ప. అద్దం ముందు నిలబడి ఛాతీ చూసుకుంటాం, చేతులు మడిచి కండ చూసుకుంటాం. వీపు మాత్రం ఇంకొకరు చెప్పాల్సిందే. ఒడిశా బరంపురంలో మా జిమ్ములో అద్దాలకి కరువు లేదు. అయినా నా వీపు గుట్టు రట్టయింది అమ్మ ఉతికే తెల్ల బనియన్ల మీద.

మాది పప్పులు, బెల్లం, దగ్గర్లోని హుమ్మ ఉప్పుమళ్ళ నుంచి వచ్చే ఉప్పు టోకున అమ్మే ఇల్లు. ఒడియాలో బేరమాడతాం, తెలుగులో తిట్టుకుంటాం. ఇంట్లో గుడ్డు పేరెత్తకూడదు. అలాంటి ఇంట్లో పుట్టి నేను కండలు పెంచుతానని బయలుదేరాను. గుడ్డు లేదు, కోడి లేదు, మరి కండ ఎక్కణ్ణుంచి రావాలి? మా కోచ్ పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి డబ్బా చూపించాడు. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉందని వినగానే నాన్నమ్మ కూడా సరేనంది. పాలే కదా! అమ్మయితే ఆ పొడి బాధ్యతంతా నెత్తినేసుకుంది. పొద్దునా సాయంత్రం చిక్కటి పాలల్లో వేసి, ఉండలు కట్టకుండా చిలికి, గ్లాసు చేతికిచ్చి నేను పూర్తిగా తాగేదాకా ఎదురుగా నిలబడేది.

చేతులు లావెక్కాయి, భుజాలు విచ్చుకున్నాయి. వాటితోపాటే భుజాల మీద మొటిమలు లేచాయి. తర్వాత అవి వీపంతా పాకాయి. చిన్నాచితకవి కావు, లోపల గట్టిగా గడ్డకట్టి, తాకితే ప్రాణం పోయేంత నొప్పి పెట్టేవి. నాకు ఒళ్ళు మండి, స్నానం చేసేటప్పుడు బీరపీచుతో నెత్తురొచ్చేలా రుద్దేవాణ్ణి. కండలు కనబడాలని ఒంటికతుక్కునే నైలాన్ బనియన్లు వేసుకునేవాణ్ణి. ఆ చెమటతోనే జిమ్ము నుంచి తిన్నగా కొట్టుకెళ్ళి గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ణి. కోచ్‌ని అడిగితే "కిఛి హెబొని" అన్నాడు, అంటే ఏమీ కాదులే అని. తనకేం పోయింది? బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువెత్తేటప్పుడు మంటెత్తేది నా వీపు.

సముద్రపు గాలి ఉక్కకి మా ఇంట్లో మగాళ్ళందరూ వేసవంతా పంచె కట్టుకుని ఒట్టి ఒంటితోనే తిరుగుతారు. నాన్నకి బొజ్జ, బాబాయికి అంతకన్నా పెద్ద బొజ్జ. వాళ్ళకి లేని సిగ్గు నాకు పట్టుకుంది. ఆ ఇంట్లో చూడదగ్గ ఒళ్ళున్నవాణ్ణి నేనొక్కణ్ణే, చొక్కా విప్పనివాణ్ణీ నేనొక్కణ్ణే.

ఒకరోజు అమ్మ రెండు బనియన్లు పట్టుకుని గదిలోకి వచ్చింది.

"ఏట్రా ఇది? ఈ నెత్తురు మరకలేటి? సొక్కా ఇప్పు."

విప్పాను. అమ్మ నాన్నమ్మని పిలిచింది. నాన్నమ్మకి చూపు ఆనదు. వేళ్ళతో నా వీపంతా తడిమింది. తడిమి, ఒక అడుగు వెనక్కి వేసి, నా వీపుకి దణ్ణం పెట్టింది.

"అమ్మోరు పోసింది. ఎవులూ మందూ మాకూ అనకండి."

"నాన్నమ్మా, ఇవి మొటిమలే."

"మొటిమలు మొకం మీదొస్తాయిరా. ఈపు మీదొచ్చింది అమ్మోరే. నాకు సెప్పకు."

ఇక చెప్పేదేముంది? గుమ్మానికి వేపరెమ్మ వేలాడింది. నన్ను వేపాకు మీద పడుకోబెట్టారు. అమ్మవారు ఇంట్లో ఉండగా పోపు వేస్తే ఆ ఘాటు ఆవిడకి పడదట, అందుకని వంటింట్లో తాలింపు బందయింది. పప్పుల వ్యాపారం చేసే ఇంట్లో అందరూ పోపు లేని ఉడికిన పప్పు తిన్నారు. బాబాయి కంచం ముందు కూర్చున్నప్పుడల్లా తలుపు సందులోంచి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. నవ్వొచ్చే సంగతే, కానీ పసుపూ వేపముద్దా పూసిన వీపు భగ్గుమంటుంటే నాకు నవ్వు రాలేదు.

ఆ రోజుల్లోనే అమ్మ ఎవరికీ చెప్పకుండా మా ఊరి అమ్మవారు ఠాకురాణికి మొక్కేసింది. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతరలో అమ్మవారు పుట్టింటికొస్తుంది. మొక్కున్నవాళ్ళు వేషాలు కట్టి ఆవిడ ముందుకు వెళ్తారు. ఒళ్ళున్న మగాళ్ళకి పులి వేషం. ఒంటి మీద వెంట్రుకలన్నీ గొరిగి, నిలువునా పసుపు రంగు పూసి, నల్లచారలు గీసి, వెనకాల తోక కట్టి డప్పులకి ఆడిస్తారు.

"నీ ఈపు నయమైతే పులేసం ఎయ్యిస్తానని మొక్కేసేనురా," అంది అమ్మ.

నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషమేసింది. పెంచిన కండంతా ఊరు చూస్తుంది, పుండ్లు పడ్డ తోలు మాత్రం రంగు కింద ఉంటుంది. ఇంతకన్నా ఏం కావాలి?

వేపాకుతో తగ్గలేదు. అమ్మవారైతే ఈపాటికి వెళ్ళిపోయేదని నాన్నమ్మే మెత్తబడ్డాక, అమ్మ నన్ను చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ ఒడియా మనిషి, మాట కటువు. ముందు నన్నే అడిగింది, జిమ్ములో కండ కోసం ఎవరైనా సూదిమందులు ఎక్కించారా అని. లేదన్నాను. నిజంగానే లేదు. తిండేమిటని అడిగేసరికి అమ్మ అందుకుంది. పొడి ఎలా కలుపుతుందో, ఎంత చిక్కగా చిలుకుతుందో అంతా వచ్చీరాని ఒడియాలో గొప్పగా చెప్పింది. డాక్టరమ్మ అంతా విని, ముందు ఆ పొడి మానిపించమంది. అది అందరికీ ఇలా చెయ్యదని, కొందరి ఒంటికి పడదని కూడా అంది. ఆ రెండో మాట అమ్మ చెవిన పడలేదు.

ఆటోలో వస్తూ అమ్మ రోడ్డు వైపు తిరిగి, "నా సేత్తోనే కలిపి కలిపి ఇచ్చేను గదరా," అంది.

నేనేదో సర్దిచెప్పబోయాను. అమ్మ వినలేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, హారన్ ఎందుకు కొడతావని ఆటోవాడి మీద చూపించాను.

తర్వాత జరిగిందంతా ఓపిక పని. పొడి బదులు ఛతువా, అంటే వేయించిన శనగల పిండి. అతుక్కునే బనియన్లు పోయి వదులు నూలు చొక్కాలు వచ్చాయి. జిమ్ములో బల్ల మీద నా తువ్వాలు నేనే పరుచుకోవడం, చెమట ఆరకముందే అక్కడే స్నానం చేసెయ్యడం. బీరపీచూ ఆదివారం నూనె తలంటూ రెండూ బందు. డాక్టరమ్మ ఇచ్చిన మందునురగ వీపుకి పట్టించి, కాసేపుంచి కడిగేసుకోవాలి. అది తగిలిన ప్రతి తువ్వాలూ రంగు వెలిసి మచ్చలు పడింది. అమ్మ వాటిని నాకని విడిగా మడిచి పెట్టేది. నురగతో లొంగని వాటికి మాత్రలిచ్చి, రక్తపరీక్షలు చేయిస్తూ చూసుకుంది డాక్టరమ్మ. ఒక వారం తగ్గేది, మరో వారం మళ్ళీ లేచేది. బరువులెత్తడం కన్నా ఇదే కష్టమనిపించింది. ఎత్తితే బరువు లేస్తుంది, ఇక్కడ ఎంత చేసినా ఊరికే ఎదురుచూడాలి. నాకు అది చేతకాదు. అయినా చేశాను.

నెలల మీద గడ్డలు కరిగాయి. మచ్చలు మిగిలాయి, నల్లగా కొన్ని, గుంటలు పడి కొన్ని. ఈలోగా జాతర ఏడాది వచ్చేసింది. పులి రంగు సంగతి అడిగితే డాక్టరమ్మ మందులు రాస్తున్న కలం పక్కన పెట్టేసింది. ఆ రంగు రోజంతా ఎండలో, చెమటలో ఒంటి మీద ఉండాలి, తర్వాత కిరసనాయిలు పెట్టి రుద్ది తియ్యాలి, ఈ తోలు దానికి ఆగదంది. ఇన్నాళ్ళ పనీ మట్టిలో కలిసిపోతుందంది.

నేను ఇంటికొచ్చి అరిచాను. మొక్కు తీరకపోతే అమ్మవారు ఊరుకుంటుందా అని, అమ్మ భయం అడ్డం పెట్టుకుని అరిచాను. నా బాధ మొక్కు కాదు. రంగు లేకపోతే ఆ మచ్చలు దాచేదేమీ లేదు, అంతే. అమ్మ భయం మాత్రం నిజమైనదే. ఆవిడ ఆ రోజు అన్నం ముట్టలేదు.

నాన్నమ్మ మంచం మీంచే తేల్చేసింది. "ఏసం ఎయ్యలేనోలు మా రోజుల్లో ఒట్టి ఒంటితో నడిసీవోరు. అమ్మోరికి రంగెందుకే? ఆడి ఒల్లు సూపించమను, సాలు."

"ఆడు సొక్కా ఇప్పడు, అత్తా," అంది అమ్మ మెల్లగా.

నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. తీరని మొక్కు పెట్టుకుని అమ్మ మళ్ళీ జాతర దాకా ఎలా బతుకుతుందో నాకు తెలుసు. ఎక్కడ ఎవరికి జ్వరమొచ్చినా తన మీదే వేసుకుంటుంది. అసలే ఆ పొడి గ్లాసు ఇంకా ఆవిడ గుండెల్లోంచి దిగలేదు.

మొక్కు రోజు మధ్యాహ్నం పంచె కట్టుకుని, వీధి గుమ్మంలో చొక్కా విప్పి నాన్న చేతికిచ్చాను. వీపుకి ఎండ తగిలింది. ఎన్నేళ్ళయిందో అలా తగిలి. బజారంతా డప్పులు, పులులు, పిల్లల అరుపులు. మా కొట్టుకి వచ్చే బేరగాళ్ళు, జిమ్ములో తోటివాళ్ళు అందరూ అక్కడే. నేను ఎవరి మొహమూ చూడకుండా నేల చూస్తూ నడిచాను. ప్రతి అడుగుకీ వెనక నవ్వు వినిపిస్తుందేమో అని చెవులు రిక్కించాను. ఏమీ వినిపించలేదు.

అమ్మవారి పందిరి కనబడే మలుపు దగ్గర అమ్మ కోసం పక్కకి చూశాను. లేదు. వెనక్కి తిరిగాను. అమ్మ నా వెనకే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా నడుస్తోంది. పైటచెంగు రెండు చేతులతో ఇటూ అటూ విప్పి పట్టుకుంది. నా వీపు ఎవరికీ కనబడకుండా దారి పొడుగునా అలాగే పట్టుకుని వచ్చిందన్నమాట.

"ఏట్రా, నడు," అంది.

"చేతులు దించు అమ్మా. పక్కకొచ్చి నడు."

"అందరూ సూస్తన్నార్రా."

"సూడనీ," అన్నాను.

అమ్మ చెంగు దింపి భుజం మీద వేసుకుని, నా పక్కకొచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. మా వెనక ఊరంతా ఉంది. ఇద్దరం పందిరి వైపు నడిచాం.