కస్టమర్ ఫోన్

బజారు మలుపులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆవిడ పగిలిన అద్దం విప్పేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేది. ఫోన్ వెలిగాక తెర మీద ఎవరి ఫొటో కనబడినా చటుక్కున బోర్లా పెట్టేసేది. "నాకు అద్దంతోనే పని, వాళ్ల సంసారాలతో కాదు" అనేది. ఒక మధ్యాహ్నం ఇద్దరు పోలీసులు వచ్చి, ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఊరేగింపులో నినాదాలిచ్చిన ఒక కాలేజీ అమ్మాయి బాగుకిచ్చిన ఫోన్ తెరిచి చూపించమన్నారు. "కోర్టు కాగితం తెండి, ఇస్తాను" అందావిడ.

"దేశ భద్రతమ్మా ఇది! అప్పట్లో బాంబు పేలి మీ ఆయన కాలు పోయింది కదా. నువ్వే ఇలా అంటే ఎలా?" అన్నాడు వాళ్లలో పెద్ద అధికారి. ఆవిడ మొహం కందగడ్డలా అయింది. "ఆ బాంబు పెట్టినవాణ్ణి పట్టుకోండి, మీకు దండేసి దణ్ణం పెడతా. ఈ పిల్ల ఫోన్ మాత్రం ముట్టుకోనివ్వను." "కొట్టుకి సీలు వేస్తాం." "వెయ్యండి." ఫోన్ సొరుగులో పెట్టి తాళం వేసి, దానికి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "కాగితంతోనే వస్తాం, చూస్తూ ఉండు" అని వాళ్లు విసురుగా వెళ్లిపోయారు. పక్కకొట్టతను పరుగున వచ్చి, "భయం వెయ్యలేదా అక్కా?" అన్నాడు. "వెయ్యకేం, కాళ్లు ఇంకా వణుకుతున్నాయి. అందుకేగా కూర్చున్నాను" అంటూ ఆవిడ ఇంకో ఫోన్ చేతిలోకి తీసుకుంది.