ధార సన్నబడినప్పుడు

దేవరకొండలో దుర్గయ్య ఫోన్‌తో నడిచే మోటరు స్టార్టర్లు తయారు చేస్తాడు. వాటికి ప్రోగ్రాం రాసేది నిరోష. కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోతే, మోటరు కాలిపోకముందే ఆపెయ్యడం ఆ డబ్బా అసలు పని. షాపులో ఎన్నిసార్లు ఫేజు తీసి చూసినా టక్కున ఆపింది. ఆ ధీమాతోనే నిరోష మొదటి డబ్బాను చిన్నాయన చెన్నయ్య బోరుకు తన చేత్తోనే బిగించింది.

వరి పొట్టకొచ్చిన వేళ ఆ మోటరు కాస్తా కాలిపోయింది. కిరాయి మోటరు దొరికేలోగా సగం మడి ఎండింది.

నిరోషకు తల కొట్టేసినట్టయింది. డబ్బా విప్పుకొచ్చి షాపులో మళ్లీ చూసింది. టక్కున ఆపింది. మళ్లీ చూసింది, మళ్లీ ఆపింది. బుద్ధిగా పనిచేస్తున్న ఆ డబ్బాను గోడకేసి కొట్టాలనిపించింది. మోటరు ఆపడానికి మామూలుగా ఎంతసేపు పడుతుందో ఎవరైనా కొలుస్తారు. ఎంత చెడ్డరోజైనా ఇంతకు మించదని చెప్పడమే ప్రాణం తీస్తుంది. ఆ చెడ్డరోజు షాపుకు వస్తుందా?

చివరికి పొలానికే పోయి అడిగింది.

"ఆనాడు ఏమైంది చిన్నాయనా?"

"ఏమైతది? ధార సన్నవడ్డది. మోటరు నడుస్తాందా లేదా అని డబ్బకు ఫోన్ జేసిన. మీ బాపు జేసిండు, పెదనాయిన జేసిండు. ఒక్క బోరు మీదనే గద ముగ్గురి పొలాలు! ఒకరిది అయిపోంగనే ఇంకొకరం, మళ్ల మళ్ల జేసినం."

నిరోషకు అసలు సంగతి అప్పుడు అర్థమైంది. ఫోన్ వస్తే ఎత్తి, మోటరు సంగతి చెప్పి ముగించేదాకా డబ్బా ఇంకో పని చూడదు. ఫేజు పోవడాన్ని వేరుగా, ఫోన్ రావడాన్ని వేరుగా పరీక్షించింది. ఫేజు పోయేముందు కరెంటు తగ్గి ధార సన్నబడుతుంది, అది చూసి ముగ్గురూ ఫోన్ చేస్తారు; ఆ ఫోన్ల నడుమే ఫేజు పోయింది, డబ్బా చూడలేదు. రైతు ఇంట పుట్టి ఇంతమాత్రం తట్టలేదేమని తనమీద తనకే ఒళ్లు మండింది.

ముందు ఫేజు, తర్వాతే ఫోన్ అని ప్రోగ్రాం మార్చింది. దుర్గయ్య సంబరపడ్డాడు.

"ఇగ ఫికర్ లేదు గద? ఎంత లేటైనా ఎంతసేపట్ల ఆగుతదో డబ్బ మీద రాసియ్యి."

"రాయలేను సార్. లోపల ఫోన్ భాగం బయట కొన్నది. అది ఒక్కోపారి మన ప్రోగ్రాంను నిలవెడుతది. ఎంతసేపో నాకు కనవడది."

"ఎవలడుగుతరు? జర ఏదో ఒకటి రాయి."

నిరోష రాయలేదు. డబ్బా సంచిలో వేసుకుని పొలానికి పోయింది. చెన్నయ్య ఎదురొచ్చాడు.

"బాగైందంటనే? బిగియ్యి."

"బాగైందని చెప్పలేను చిన్నాయనా. ఎంతసేపట్ల ఆగుతదో నాకే తెల్వది."

చెన్నయ్య కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది. ఎండిన మడి వంక చూసి, "మరి మొన్న తెలిసే బిగించినవా బిడ్డా?" అన్నాడు.