బస్సు ఆగాక మొదలయ్యే నడక

ఆత్మకూరు డిపో గేటు దగ్గర డ్యూటీ కోసం నిలబడి ఉన్నాను. ఉదయగిరి నుంచి వచ్చిన మొదటి బస్సు లోపలికి పోకుండా నా పక్కనే ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "అన్న పోయినాడయ్యా, తెల్లారుజామున. మధ్యాహ్నం నమాజు కాంగానే తీసుకుపోతారంట. నీకు చెప్పమన్నారు" అన్నాడు.

ఏ అన్న అని నేను అడగలేదు. మా డిపోలో అందరం ఒకరినొకరు అన్నా అనే పిలుచుకుంటాం. కానీ బస్సు ఆపి మరీ నాకు చెప్పవలసిన అన్న ఒక్కడే. అయిదారేళ్లు నాతో ఒకే బస్సు మీద తిరిగి, ఈమధ్యే రిటైరైన మా కండక్టరు. డ్యూటీ మరొకరికి అప్పగించి, తిరుగు బస్సులో ఉదయగిరికి బయలుదేరాను. నేను నడిపే దారిలో ప్రయాణికుడిగా కూర్చుని పోవడం అదే మొదటిసారి.

ఆయన పోయి నెల దాటింది. ఈ రోజుకీ నేను స్టీరింగు పట్టుకుని, రెండు కాళ్ల మీద గట్టిగా తిరుగుతున్నానంటే అందులో ఆయన వంతు చాలా ఉంది. అది ఎక్కడైనా చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో నన్ను ఉదయగిరి నైట్ హాల్ట్ సర్వీసు మీద వేశారు. మధ్యాహ్నం ఆత్మకూరులో బయలుదేరి, సీతారామపురం దాకా పోయి, పొద్దుగూకే వేళకు వెనక్కి ఉదయగిరి చేరతాం. రాత్రికి బస్సు అక్కడే. తెల్లవారి మొదటి ట్రిప్పు మాదే. అప్పటికే నేను చాలా ఏళ్లుగా స్టీరింగు ముందు కూర్చుంటున్నాను. డ్రైవరు పనిలో చేతులు లాగుతాయి, నడుము పట్టేస్తుంది, కానీ ఒంటికి కదలిక ఉండదు. కూర్చుని డిపో వదులుతాం, కూర్చునే తిరిగొస్తాం. ఆగిన ప్రతి చోటా టీ, టీతో బోండానో వడో. డ్రైవరన్న మర్యాద కొద్దీ టీ కొట్టువాళ్లు చక్కెర ఒక చెంచా ఎక్కువే వేస్తారు. నా పొట్ట స్టీరింగుకు ఆనే దాకా వచ్చింది. సీటు వెనక్కి జరుపుకున్నాను గానీ పొట్ట సంగతి ఆలోచించలేదు.

ఆ సంవత్సరం డ్రైవర్లకు చేసే మెడికల్ పరీక్షలో నాకు షుగరు బయటపడింది. "మాత్రలు రాస్తాను. మాత్రలొక్కటే చాలవు. నడవాలి, తిండి మార్చాలి. కొన్ని నెలలు చూస్తాను. అప్పటికీ ఇట్లాగే ఉంటే బస్సు ఇవ్వొద్దని రాయక తప్పదు" అన్నాడు డాక్టరు.

నడవాలట! ఎప్పుడు నడవాలి? వారంలో సగం రాత్రులు బస్సులోనే పడుకుంటాను. ఇంటికి పోయిన రోజు ఒళ్లు తెలియని నిద్ర. పోనీ, నడవకపోతే? బస్సు తీసేసి డిపోలో ఏదో మూల స్టూలు మీద కూర్చోబెడతారు. స్టీరింగు పట్టిన మనిషికి అంతకన్నా నామోషీ ఏముంటుంది? ఇంటికి పోయి భార్యకు కూడా చెప్పలేదు. మాత్రలు డ్యూటీ సంచిలో అడుగున దాచుకుని, ఎవరూ చూడకుండా మింగుతూ వచ్చాను.

మా కండక్టరు దగ్గర మాత్రం దాగలేదు. పరీక్షయిన రోజు సాయంత్రమే, ఉదయగిరిలో అందరూ దిగిపోయినా నేను సీట్లోంచి లేవలేదు. ఆయన టికెట్ల సంచి సర్దుకుని వచ్చి నా పక్కన ఇంజను బానెట్టు మీద కూర్చున్నాడు.

"ఏంది అబ్బయా, మొహం అట్టా పెట్టినావు?"

చెప్పాను. అయ్యో పాపం అనలేదు. అద్దంలోంచి ఊరి పక్కనున్న కోట కొండ వైపు చూసి, "మా అన్న సంగతి నీకు తెలవదు గదా" అన్నాడు.

వాళ్లది ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే ఇల్లు. నాయనదీ అన్నదీ అదే పని. ఈయన ఒక్కడే చదువుకుని బస్సెక్కాడు.

"పొద్దున కూర్చుంటే పొద్దు గూకేదాకా లేచేది లేదు మా అన్న. చేతులే ఆడేది, కాళ్లు మడిచింది మడిచినట్టే. షుగరొస్తే లెక్క చెయ్యలా. కాలికి పుండు పడింది, మానలా. నెల్లూరులో కాలు తీసేసినారు. ఆ తర్వాత ఎక్కువ నాళ్లు ఉండలా. అప్పుట్నించి నాకు కూర్చునేదంటేనే భయం అబ్బయా. రేపు తెల్లారి వచ్చి లేపుతా. లేచి రా, అంతే."

"మొదటి ట్రిప్పు ఉండాది గదన్నా?"

"డ్రైవరూ కండక్టరూ లేకుండా బస్సు పోతాదా ఏంది?"

మర్నాడు ఇంకా మసక చీకటి ఉండగానే బస్సు రేకు మీద టకటకా కొట్టాడు. ఇంటి దగ్గర హాయిగా పడుకోవలసిన మనిషి, తలకు మఫ్లరు చుట్టుకుని, చేతిలో నీళ్ల సీసాతో నిలబడి ఉన్నాడు. కోట కొండ దారి పట్టాం. మొదటి మలుపు చేరకముందే నాకు ఆయాసం వచ్చి రాయి మీద కూలబడ్డాను. సిగ్గు వేసింది. ఆయన నాకన్నా పెద్దవాడు, అయినా రొప్పు కూడా రాలేదు. వెనక్కి వచ్చి పక్కన నిలబడి, "ఎంత పోతే అంత. కొండ యాడికీ పోదు" అన్నాడు. ఆ తర్వాత ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే.

వ్యాయామం అన్న మాట ఆయన ఎన్నడూ వాడలేదు. 'కాళ్లకు గాలి తగిలించుకునేది' అనేవాడు. అందుకోసం వేరే సమయం వెతకలేదు. మా డ్యూటీలో ఎక్కడెక్కడ సందు ఉందో అక్కడల్లా దాన్ని ఇరికించాడు. సీతారామపురంలో బస్సు ఆగితే టాపు మీద మూటలు సర్దడానికి నన్ను నిచ్చెన ఎక్కించేవాడు. టీ కొట్టు బెంచీ మీద కూర్చోనిచ్చేవాడు కాదు, గ్లాసు పట్టుకుని బస్సు చుట్టూ తిరుగుతూ తాగమనేవాడు. టీలో చక్కెర మానిపించాడు. బోండా బదులు వాళ్ల ఇంటి నుంచి తెచ్చిన శనగ గుగ్గిళ్లు డబ్బా మూతలో పోసి ఇచ్చేవాడు. దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చి బస్సు ఆగిందంటే వెనకనుంచి కేక వినబడేది. "డ్రైవరన్నా, భుజాలు తిప్పు! మడమలు తిప్పు!" నేను తిప్పుతుంటే ముందు సీట్లలో కూర్చున్నవాళ్లు కొందరు నవ్వుకుంటూ తామూ తిప్పేవాళ్లు.

తోటి డ్రైవర్లు మమ్మల్ని వదిలిపెట్టలేదు. "ఏందన్నా, ఇద్దరూ కలిసి కోటను ముట్టడిస్తా ఉండారా?" అని ఒకడు అడిగాడు. "ఖాళీగానే ఉండాది, నువ్వు గూడా రా. తలా ఒక బురుజు తీసుకుందాం" అన్నాడు మా కండక్టరు.

ఒక రోజు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ట్రిప్పుకు ఆలస్యమవుతుందని ఆ రోజు యూనిఫారాలు వేసుకునే నడక మొదలుపెట్టాం. కాస్త పైకి పోయాక వెనక ఎవరో దగ్గుతున్నట్టు వినబడి తిరిగి చూశాం. చంకలో కోడి ఉన్న బుట్ట పెట్టుకుని ఒక అవ్వ, ఆమె వెనక మూటతో ఒక పెద్దాయన, రొప్పుకుంటూ ఎక్కి వస్తున్నారు.

"ఏంది నాయనా, బస్సును కొండ మీద పెట్టినారా?" అంది అవ్వ.

ఖాకీ బట్టలు ఎటు పోతే బస్సు అటే ఉంటుందనుకుని పాపం వెనకాలే వచ్చేశారు. మా కండక్టరు రాయి మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత ఆమె బుట్ట తను తీసుకుని, పెద్దాయన మూట నా నెత్తిన పెట్టి, ఇద్దరినీ జాగ్రత్తగా దించుకుని వచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆ అవ్వ ఆత్మకూరు దాకా మమ్మల్ని తిట్టిపోస్తూనే వచ్చింది. దిగేటప్పుడు మాత్రం, "మోకాళ్లు కాస్త వదిలినట్టు ఉండాయిరా" అంది.

ఇన్ని చేసినా రెండోసారి పరీక్షకు పోతే షుగరు తగ్గింది గానీ, డాక్టరు అనుకున్నంత తగ్గలేదు. ఇంకోసారి చూస్తానన్నాడు. నాకు మనసు విరిగిపోయింది. మర్నాడు బస్సు రేకు మీద చప్పుడైతే దుప్పటి తీయకుండానే, "పోన్నా! నువ్వు దినమంతా నిలబడేవాడివి, నీకేం తెలుసు? నాది కూర్చునే బతుకు. ఎట్టా రాసుంటే అట్టా జరగనీ" అన్నాను. ఆయన ఒక్కడే పోయాడు. కొండ వైపే పోయాడని అడుగుల చప్పుడును బట్టి తెలిసింది.

ఆ ఆదివారం ఆత్మకూరులో మా ఇంటి వాకిట్లో ప్రత్యక్షమయ్యాడు. నా భార్య బట్టలు కుడుతోంది. మెషిను ఆపి మంచినీళ్లు ఇచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టి, నా మొహం కూడా చూడకుండా, "తల్లీ, వీడికి షుగరుండాది. వీడు చెప్పడు, అందుకని నేను చెప్తా ఉండా" అన్నాడు.

ఆమె నా వైపు చూసిన చూపు నేను ఎప్పటికీ మరిచిపోలేను. "ఇన్నాళ్లూ దాచిపెట్టినావా? ఈ కొంపలో నేను ఎవరిని?" అంది. కాసేపు ఏడ్చింది, కాసేపు తిట్టింది. ఆయన రెండూ అయ్యేదాకా ఓపికగా కూర్చున్నాడు. అప్పుడామె కళ్లు తుడుచుకుని, "ఏం పెట్టాలో చెప్పన్నా" అని అడిగింది.

"నాకేం తెలుసమ్మా. డాక్టరు చెప్పిందే నేనూ చెప్పేది. అన్నం తగ్గించి రాగి సంగటి పెట్టు, ఆకుకూర పెట్టు. మాత్రలు నీ చేత్తో నువ్వే ఇయ్యి. ఒక్కడే మోస్తే ఏదైనా బరువే." ఆ తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు పాసయ్యేదాకా నేను జిలేబీ ముట్టను. చాలునా?" అన్నాడు.

ఈ మాట విలువ తెలియాలంటే ఆయన జిలేబీ పిచ్చి తెలియాలి. ఉదయగిరి బస్టాండు పక్కన వేడివేడిగా జిలేబీ తీసే కొట్టు ఉండేది. సాయంత్రం బస్సు దిగగానే ఆయన కాళ్లు వాటంతటవే అటు పోయేవి. ఆయనకు షుగరు లేదు, తినకూడదన్న నియమం లేదు. నాకోసం మానేశాడు. ఆ కొట్టతను, "ఏం భాయ్, నామీద కోపమా?" అని పిలిచినా, చెయ్యి ఊపి నవ్వుతూ వచ్చేసేవాడు. ఆ చెయ్యి ఊపడం చూశాక ఏ తెల్లవారుజామునా నేను దుప్పటి ముసుగేసుకోలేకపోయాను.

మూడోసారి పరీక్షలో డాక్టరు నా కాగితం మీద సంతకం పెట్టి, "నడుపుకో" అన్నాడు. ఆ సాయంత్రం ఉదయగిరిలో దిగీదిగగానే ఆకులో జిలేబీ కట్టించుకుని వెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఒకటి తీసి సగం కొరికాడు. నమిలాడు. మొహం చిట్లించి, "ఇదేందిరా, ఇంత తియ్యంగా ఉండాది! దీనికోసమా నేను ఇన్నాళ్లు చచ్చింది?" అన్నాడు. మిగిలిన సగం అట్లాగే పట్టుకుని ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నాకు కళ్లలో నీళ్లు తిరిగితే, ఆయన చూడనట్టు బస్సు చక్రాల వైపు చూశాడు.

ఆ తర్వాత కొండ మాకు ఊరి వీధిలాగే అయిపోయింది. దినమంతా మెషిను తొక్కే నా భార్య కూడా సాయంత్రాలు పక్కింటి ఆడవాళ్లను వెంటబెట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఆయన రిటైరయ్యాక కూడా నా హాల్ట్ ఉన్న రోజుల్లో తెల్లవారుజామున వచ్చి లేపేవాడు. పెన్షనీరు వచ్చి డ్యూటీలో ఉన్నవాడిని నిద్ర లేపడం ఎక్కడైనా ఉందా అని మా వాళ్లు నవ్వేవాళ్లు.

ఈ ఏడు ఎండలు మొదలయ్యాక ఆయనకు కామెర్లు అన్నారు. కామెర్లు కాదు, కాలేయంలో గడ్డ అని నెల్లూరులో తేలింది. చేయగలిగింది పెద్దగా లేదన్నారు. నేను చూడబోయిన రోజు మంచం పక్కన ఎవరో బంధువు కూర్చుని, "ఒక బీడీ లేదు, ఒక సారా లేదు, దినామూ కొండెక్కినోడివి. నీకేంది భాయ్ ఈ జబ్బు? ఇంత నడిచి ఏం లాభం?" అని బాధపడుతున్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆయనకు రాలేదు. నీరసంగా నవ్వి, "చావు రాకూడదని ఎవరు నడిచినార్రా? బతికినన్నాళ్లు ఒకరిమీద ఆనుకోకుండా తిరిగినాను, అదే లాభం" అన్నాడు. తర్వాత నాకేసి చెయ్యి చాచి, "పా అబ్బయా, ఇప్పుడు మాత్రం కొంచెం ఆనుకుంటా" అన్నాడు.

వద్దని వాళ్ల ఇంటావిడ అంటున్నా లేచాడు. నా భుజం మీద చెయ్యి వేసి సందులోకి వచ్చాడు. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో! ఇరుగుపొరుగు ఇళ్ల అరుగుల మీద గరిటెలు చెక్కుతున్నవాళ్లు పని ఆపి సలాం చేస్తుంటే, ప్రతి ఒక్కరినీ పలకరించాడు. "లేచి కాస్త తిరగండయ్యా" అని అప్పుడూ అన్నాడు. సందు చివరిదాకా పోలేకపోయాం. వెనక్కి తిరిగేటప్పుడు, "వద్దన్న మీ వదినకు చెప్పు, మీ ఇంట్లో నీ భార్యకూ చెప్పు, నేను నడిచినానని" అన్నాడు. అదే మేము కలిసి నడిచిన ఆఖరుసారి.

కబురు తెలిసిన రోజు నేను వాళ్ల ఇల్లు చేరేసరికి ఆయనకు స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి, అంతా సిద్ధం చేశారు. నమాజు అయ్యాక జనాజా పాడెను లేపుతుంటే, మోయడానికి చోటు దొరుకుతుందో లేదోనని వెనక నిలబడ్డాను. ఆయన పెద్దకొడుకు చూసి, చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి, పాడె కింద నా భుజానికి చోటిచ్చాడు. అక్కడ కొంచెం దూరం మోసి మరొకరికి మార్చడం పద్ధతి. "చాచా, ఇట్టా ఇయ్యి" అని ఆ పిల్లాడు అడిగినప్పుడల్లా, "ఇంకొంచెం దూరం నాయనా" అన్నాను. నాకు ఆయాసం రాలేదు.

సందు దాటి, కొండ కింది శ్మశానానికి పోయే బస్టాండు రోడ్డు ఎక్కాం. ఆత్మకూరు పోయే బస్సు ఇంజను వేసుకుని బయలుదేరడానికి నిలబడి ఉంది. మమ్మల్ని చూసి డ్రైవరు ఇంజను ఆపేసి కిందికి దిగాడు. కండక్టరు దిగాడు. తర్వాత బస్సు నిండా ఉన్న జనం, బుట్టలూ మూటలూ సీట్లలోనే వదిలేసి, ఒకరి వెనక ఒకరు దిగి రోడ్డు పక్కన వరసగా నిలబడ్డారు. ఆ ఎండలో, కంకర రోడ్డు మీద, మా అందరి అడుగుల చప్పుడు ఒక్కటే వినబడుతూ కొండ వైపు సాగింది.