కుళాయి కింద కడిగిన నాళాలు

మా మేనత్తకు జిడ్డంటే ఒళ్లు జలదరిస్తుంది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి: ఆపరేషన్ గది నుంచి వచ్చే రక్తనాళాల ముక్కలను పరీక్షకు సిద్ధం చేయడం. ముక్కను చీలిస్తే లోపల పసుప్పచ్చటి కొవ్వు, గడ్డకట్టిన గంజిలా. పంతొమ్మిదేళ్లు ముక్కు చిట్లిస్తూనే చేసింది. కుళ్లకుండా ఉంచే మందులో వేసే ముందు ప్రతి ముక్కనూ కుళాయి కింద తళతళలాడేదాకా కడిగేది. కడగమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా అనలేదు. పైగా ల్యాబంతా ఆమె శుభ్రతను మెచ్చుకునేది.

అక్కడి పెద్ద డాక్టరు ఒక పరిశోధన మొదలుపెట్టాడు. రక్తనాళం లోపలి గోడ కణాల మీద చక్కెర అణువులతో అల్లిన సన్నటి నూగు ఉంటుందట. అది అరిగిన చోట తెల్లకణాలు అంటుకుంటాయి, కొవ్వు లోపలికి చొరబడుతుంది. అత్త ముక్కలతో చేసిన నూట నలభై గాజు స్లైడ్లు చూస్తే ఎక్కడా నూగు లేదు. మంచి నాళాలతో పోల్చుకునే ఓపిక మహానుభావుడికి ఎక్కడిది? జబ్బుకు మూలం దొరికిందని వ్యాసం రాసి వైద్య పత్రికకు పంపేశాడు. దాన్ని నమ్మి, రోగులకు కొత్త మందు ఇచ్చి చూసే ఏర్పాట్లూ మొదలయ్యాయి.

ఒకరోజు కుళాయిలో నీళ్లు రాలేదు. అత్త ఛీ ఛీ అనుకుంటూనే ఒక ముక్కను నెత్తుటితోనే మందులో వేసింది. రంగు వేసి చూస్తే, కొవ్వు పట్టిన ఆ నాళంలోనూ గోడ వెంబడి నీలంగా నూగు! అక్కడక్కడా పలచబడింది, అంతే. ఇన్నాళ్లూ దాన్ని ఊడ్చేసింది తన కడుగుడే.

వెళ్లి డాక్టరుకు చెప్పింది. "సార్, ఆ నూగు నీళ్లకే పోయింది. నేనే కడిగేశాను."

ఆయన టీ చప్పరిస్తూ, "ఎవరికి తెలుస్తుందమ్మా? రేపు బయటి డాక్టర్లు స్లైడ్లు చూడ్డానికి వస్తున్నారు. నోరు మూసుకుని నీ పని చూసుకో" అన్నాడు.

"మరి ఆ మందు మింగేవాళ్ల సంగతి?"

"అవన్నీ నీకెందుకు?"

ఇన్నేళ్లలో ఏ కొవ్వును చూసినా అంత రోత పుట్టలేదంది అత్త. ఆ మాట విన్నప్పటి నుంచి నాకూ ఆ మనిషంటే అసహ్యమే.

మధ్యాహ్నం ఆమె స్లైడ్లన్నీ బల్ల మీద పరిచి, గాజు గీసే పెన్సిలుతో ఒక్కొక్కదాని అంచునా రాసింది: "కుళాయి కింద కడిగినది". పక్కన తన పొట్టి సంతకం. చివరిది రాస్తుండగా పెద్ద డాక్టరు లోపలికొచ్చి చూసి, గుడ్డ ఆమె ముందు పడేశాడు.

"తుడిచెయ్."

"గాజు మీద గీశాను సార్" అంది అత్త. "ఇది కడిగితే పోయేది కాదు."