పదకొండు చింతగింజలు

మొన్నటి వరదలో మా ఇంట పోయినవి లెక్కవేశాను: ధాన్యం గాదె ఒకటి, మంచాలు రెండు, పంచాంగాలు పదహారు, పడమటి గోడ మూడు మూరలు. చూరులో దోపిన చిన్న మూట మాత్రం తడవలేదు. అందులోని పదకొండు చింతగింజలు చేతిలో పోసుకోగానే ఇరవై ఏళ్లనాటి ధవళేశ్వరం కాలువగట్టు కళ్లముందు నిలిచింది.

అప్పట్లో మా మేనబావా నేనూ కాలువ పనుల్లో మట్టి కొలిచేవాళ్లం. కొలతలు ఇంగ్లీషులో నోటితో వివరించగలిగినవాడికే ఉద్యోగం ఖాయమని, రెండోవాడు ఇంటికేనని దొర చెప్పడంతో, మిషను బడి పంతులుగారి దగ్గర చేరాం. సాయంత్రాలు గట్టుమీద నడుస్తూ కనబడినదల్లా ఇంగ్లీషులో చెప్పాలి. చెరో పది చింతగింజలిచ్చి, తెలుగుమాట దొర్లితే ఒకటి లాక్కునేవారు. సొంతంగా లెక్కలు నేర్చినవాణ్ణి కదా, నోరు తెరవకపోతే గింజ పోదని మొదటిరోజే తేల్చుకున్నాను. బావ రోజూ ఖాళీ చేతులతో వచ్చేవాడు.

"ఏమయ్యా లెక్కలాయనా, ఇవాళా పదీ ఉన్నాయే! నోటికి ఉపవాసమా?" అనేవారు పంతులుగారు.

"దాచుకుని చింతతోపు వేస్తాడండి మావాడు," అనేవాడు బావ.

నెల తిరిగాక దొర ముందు నిలబడ్డాను. గుంట పొడవు, వెడల్పు, లోతు అన్నీ తలలో ఉన్నాయి, నోట్లోకి ఒక్కటీ రాలేదు. తలుపు తీసే ఉన్నా గోడలు మీదికి జరుగుతున్నట్టే ఉంది. బావ సగం తప్పులతో, సగం చేతులతో, నేను వేసిపెట్టిన లెక్కే చెప్పాడు. దొర నవ్వి అతన్ని ఉంచుకున్నాడు.

"తప్పు నాదేనయ్యా," అన్నారు పంతులుగారు ఆ సాయంత్రం. "ఇక దాచడం కాదు, ఖర్చుపెట్టు. ఇవిగో ముప్పై. వాక్యానికొకటి నాకిచ్చెయ్యి, తప్పైనా సరే. కాలువ నీళ్లాపే ఇంకో లాకు దగ్గర ఉద్యోగం ఖాళీ ఉందట, దొరతో నేను మాట్లాడతాను."

మూడు సాయంత్రాల్లో పంతొమ్మిది ఇచ్చాను. నాలుగోనాడు నా మాట వినడానికి దొరే గట్టుమీదికి వస్తాడని తెలిసి, మిగిలిన గింజలు పంచె కొంగున ముడేసుకుని రాజమహేంద్రవరం పడవెక్కేశాను. అప్పటినుంచీ ఒక బియ్యం వర్తకుడి కొట్టులో, బస్తాల మధ్య, కిటికీ లేని గదిలో, మాట అవసరంలేని లెక్కలే రాస్తున్నాను.

ఇప్పుడు మా వీధి బడిపిల్లలు ఇంగ్లీషు తప్పులు గట్టిగా అరుచుకుంటూ, నవ్వుకుంటూ పోతారు. ఎవరి చేతిలోనూ గింజలుండవు. పంతులుగారు పోయి చాలా కాలమైంది. ముప్పైలో పంతొమ్మిది పోగా, ఆయనకు నేను నేటికీ బాకీ ఉన్నవి పదకొండు వాక్యాలు.