మూడు మాలల చప్పుడు

ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ వీరాస్వామి గారు తెల్లవారకుండానే కాలవలో స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, తిన్నగా రథం షెడ్డుకి వెళ్ళేవారు. వ్యాను ముందు సీటు ఎత్తితే కింద ఇంజను. దాన్ని స్టార్ట్ చేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి తన చెవికి ఆనించి వంగి నిలబడేవారు. రెండో చేతిలో తులసిమాల. పెదవులు కదులుతూ ఉండేవి. రామనామం నూట ఎనిమిదిసార్లు అయితే ఒక మాల. ఇంజనులో టకటకమని వచ్చే చప్పుడు ఎన్ని మాలలకి అణిగిందో చూసుకుని, ఆపేసి, సీటు దించి, వ్యానుకి దణ్ణం పెట్టుకుని ఇంటికొచ్చేవారు. అప్పటిదాకా కాఫీ ముట్టేవారు కాదు.

మా ఊళ్ళో రథం అంటే పోయినవాళ్ళని కొవ్వూరు గోదారి రేవుకి తీసుకెళ్ళే వ్యాను. మాకూ, కాలవకి అవతలి నాలుగూళ్ళకీ అదొక్కటే. దాన్ని ఊరికిచ్చింది సుభద్రమ్మ గారు, భర్త పేరు మీద. ఊరిపెద్ద భద్రిరాజు గారి తల్లి ఆవిడ. నడిపేది చంద్రరావు. బాగు చేసేది వీరాస్వామి గారు. ఊళ్ళో మోటార్లూ, ట్రాక్టర్లూ, ఆటోలూ ఏవి మొరాయించినా ఆయన దగ్గరికే తీసుకెళ్ళేవాళ్ళం. రథం పని మాత్రం ఎప్పుడూ ఉచితంగానే చేశారు.

ఆయన చేసే పనుల్లో కొన్ని చూసినవాళ్ళకే తెలుసు. ఎండాకాలం రథం బయల్దేరే ముందు లోపలి ఇనపబల్ల మీద తడిగోనె పరిచి చల్లార్చేవారు. మోసేవాళ్ళ చేతులు కాలకూడదని. డ్రైవరు వెనక ఒక బిందెడు మంచినీళ్ళూ, రెండు గ్లాసులూ పెట్టేవారు. ఏడ్చి ఏడ్చి గొంతెండిపోయినవాళ్ళు అడగలేరు కదా అని.

చప్పుడు సంగతి చెప్పాలి.

నాలుగేళ్ళ కిందట, వైశాఖంలో రథం ఇంజను పట్టేసింది. ఆయన దాన్ని కిందకి దింపి, రాజమండ్రి తీసుకెళ్ళి మూడు సిలిండర్లకీ అరిగిన లోపలి గోడలు గీయించి, అంటే బోరింగు కొట్టించి, ఒక సైజు పెద్ద పిస్టన్లు తెచ్చుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం బిగించడానికి కూచున్నారు. పిస్టన్ని సిలిండర్లో పెట్టి, పక్కన సన్నని ఉక్కురేకు దూర్చి లాగి చూస్తారట. రేకు కాస్త పట్టి పట్టి రావాలి. మొదటి రెండిట్లో అలాగే వచ్చింది. మూడోదాంట్లో వేలికి తెలియకుండా జారి వచ్చేసింది. తుడిచి మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే. బోరింగులో గోడ వెంట్రుకవాసి ఎక్కువ గీసేశారు, పిస్టన్ వదులైంది.

ఇంజను మళ్ళీ రాజమండ్రి తీసుకెళ్ళాలి. ఇంకా పెద్ద పిస్టన్ దొరకాలి. నాలుగు రోజుల పని.

సరిగ్గా అప్పుడే భద్రిరాజు గారు షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చెప్పులు కూడా లేవు.

"వీరాస్వామీ, అమ్మకి ఊపిరి మారిందయ్యా. డాక్టరు గారు రెండు రోజులన్నారు. తను ఊరికిచ్చిన బండిలోనే తనని రేవుకి తీసుకెళ్ళమంటోంది. పొద్దుట్నుంచి అదే మాట. అవుతుందా?"

చేతిలో ఉన్న రేకుని వీరాస్వామి గారు జేబులో పెట్టుకున్నారు.

"అవుతాదండి. ఆయ్. మీరు అమ్మగారి దగ్గరికెళ్ళండి."

ఆ పిస్టన్నే బిగించేశారు.

సుభద్రమ్మ గారు ఆదివారం పొద్దున పోయారు. షెడ్డు నుంచి వాళ్ళిల్లు రెండు వీధులు. చల్లటి ఇంజనుతో రథం వాకిట్లోకి వచ్చింది. ఆడవాళ్ళ ఏడుపు ఒక్క క్షణం ఆగినప్పుడు అందరికీ వినబడింది, టక టక టక అని, ఎవరో లోపల్నుంచి వేలి కణుపులతో తలుపు కొడుతున్నట్టు. జనం తలలు తిప్పి చూశారు. వీరాస్వామి గారు తల దించుకున్నారు. ఆ సాయంత్రం భద్రిరాజు గారు ఆయన రెండు చేతులూ పట్టుకుని "మా అమ్మ మాట నిలబెట్టావు" అన్నారు. అలా అన్న మనిషికి ఇంజనులో లోటుందని ఎలా చెప్పడం?

తర్వాత ఒకసారి నేనే అడిగాను, దారిలో అణిగిపోయే చప్పుడు మనూళ్ళోనే ఎందుకు వస్తుందని.

"పిస్టన్ అల్యూమినియందండి. చలికి ముడుచుకుని పడుకున్న మనిషిలా ఉంటాది. గదిలో వదులుగా ఉండి అటు గోడకీ ఇటు గోడకీ కొట్టుకుంటాది. వేడెక్కాక ఒళ్ళు విరుచుకుని గదంతా నిండుతాది. ఇంక చప్పుడుండదు. పక్కూళ్ళకెళ్ళేసరికి వేడెక్కిపోతాది కదండి. అక్కడ ఎవరికీ తెలీదు. షెడ్డున్న ఊరు కాబట్టి మనకే ఆ ఖర్మ."

అందుకని, ఊళ్ళో ఎవరైనా పోయారని తెలిస్తే చంద్రరావు కంటే ముందు ఆయనే షెడ్డుకి పరిగెత్తేవారు. స్టార్ట్ చేసి, మాల తిప్పుకుంటూ, చప్పుడు అణిగాక బండి అప్పగించేవారు. కానీ షెడ్డు ఊరి మధ్య. అక్కడ వేడెక్కించినా చప్పుడు నాలుగు వీధులకీ వినబడేది. తెల్లారకుండా వినబడితే ఆయన రోజూ చేసే పనేనని ఊరుకునేవాళ్ళు గానీ, వేళ కాని వేళ వినబడితే ఆ టకటక ఊరికి కబురైపోయింది. అది వినగానే రోట్లో రోకలి ఆగేది. "ఎవరో పాపం" అని అరుగుల మీదకి వచ్చేవాళ్ళు. ముసలివాళ్ళు దుప్పటి చెవుల మీదకి లాక్కునేవాళ్ళు.

ఇడ్లీలమ్మే తలుపులమ్మ ఒకరోజు ఆయన ఎదుటే అనేసింది. "ఏమండీ వీరాస్వామి గారూ, నా వంతు వచ్చినప్పుడు మీ బండిని కాస్త మెల్లిగా తలుపు కొట్టమనండి. నాది తేలిక నిద్ర."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఇడ్లీ పొట్లం అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయారు. తలుపులమ్మ ఆ పొట్లం పట్టుకుని ఆయన వెనకాలే ఇంటిదాకా వెళ్ళి, "నోరు జారానయ్యా, తినండి" అని సూర్యకళ గారి చేతికిచ్చి వచ్చింది. సూర్యకళ గారు ఆయన ఇల్లాలు. తెలిసే ఆ పిస్టన్ బిగించిన సంగతి ఆవిడకొక్కదానికే తెలుసు అప్పటికి.

మొదటి ఏడాది ఒక మాల తిరిగేలోపు చప్పుడు అణిగేది. మూడో ఏడు వచ్చేసరికి రెండు మాలలు. విప్పుదామని ఆయన ముహూర్తాలు పెట్టుకుంటూనే ఉన్నారు. ముహూర్తానికి ముందు రోజు ఎవరో ఒకరు పోయేవారు. ఒకరిని రేవుకి చేర్చి వచ్చేసరికి ఇంకొకరికి సీరియస్ అని కబురు. విప్పడంతో కలిపి ఆరు రోజులు బండి లేకుండా చేయడానికి ఆయనకి ధైర్యం చాలేది కాదు. కిందటి కార్తీకంలో ఏమైతే అయిందని పిస్టన్ తెప్పించి, నూనె కాగితంలో చుట్టి, దేవుడి గూట్లో పెట్టుకున్నారు. పౌర్ణమి వెళ్ళాక మొదలుపెడదామనుకున్నారు.

పౌర్ణమి నాడు దగ్గులో నెత్తురు పడింది.

రాజమండ్రి ఆసుపత్రిలో పది రోజులుంచి పంపేశారు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయట. ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టమన్నారు. అంత పొడుగు మనిషి మంచానికి అతుక్కుపోయారు. చేతివేళ్ళలో మాత్రం మాల తిరుగుతూ ఉండేది. నేను పొద్దున్నే గుళ్ళోంచి తీర్థం తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. తలుపులమ్మ రెండు ఇడ్లీలు మెత్తగా చిదిమి పంపేది. తినలేకపోయినా, ఆవిడ నొచ్చుకుంటుందని ఒక ముద్ద నోట్లో పెట్టుకునేవారు.

ఒకరోజు నేనుండగానే భద్రిరాజు గారు చూడ్డానికి వచ్చారు. వీరాస్వామి గారు ఆయాసపడుతూ మొత్తం చెప్పేశారు. రేకు జారి రావడం, తను జేబులో పెట్టుకోవడం, అన్నీ.

"నాకు తెలిసే బిగించానండి రాజుగారూ. తప్పు నాది. పిస్టన్ గూట్లో ఉంది. ఎవరైనా మెకానిక్కుని పిలిపించి విప్పించెయ్యండి. నేను పోయేలోపు అది బాగవ్వాలి."

భద్రిరాజు గారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

"మా అమ్మ కోసం చేశావు. దానికి తప్పని పేరెందుకు పెడతావు? ఇప్పుడు పైవాణ్ణి పిలిచి విప్పిస్తే వాడేమంటాడు? ఎవడు బిగించాడ్రా ఇలా అంటాడు. పదిమందీ వింటారు. నలభై ఏళ్ళు ఊరికి చేసిన చెయ్యి అది. నువ్వు లేచాక నువ్వే విప్పు. అందాకా ఆ బండి మీద ఎవణ్ణీ చెయ్యి వెయ్యనివ్వను."

"లేస్తానాండి నేను?"

"లేస్తావు" అన్నారు భద్రిరాజు గారు, గట్టిగా.

ఆయన మనసు వెన్న. అందుకే ఎదురు చెప్పడానికి వీల్లేకపోయింది. ఆయన వెళ్ళాక వీరాస్వామి గారు గూటివైపు చూస్తూ పడుకున్నారు. కాగితంలో పిస్టన్ అలాగే ఉంది, కుంకుమ భరిణె పక్కన.

పోయిన వారం పడమటి వీధిలో ఒక పెద్దాయన పోయారు. వేడెక్కించే మనిషి మంచంలో ఉన్నారు. చంద్రరావు స్టార్ట్ చేసి, ఆగకుండా బయటికి తీశాడు. రథం వీరాస్వామి గారి గుమ్మం ముందునుంచే వెళ్ళాలి. సూర్యకళ గారు జావ కలుపుతున్నారు. చప్పుడు దగ్గరకొచ్చి, గుమ్మం దాటి, దూరమయ్యేదాకా ఆవిడ గరిటె కదపలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏవండీ," అన్నారు కాసేపటికి, "మనింటికొచ్చిన రోజున కూడా ఇలాగే కొట్టుకుంటూ వస్తాదాండీ?"

అనేసి నాలిక కరుచుకున్నారు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. వేళ్ళలో మాల ఆగిపోయింది. నేను తీర్థం గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయాను.

మర్నాడు నేను తీర్థం ఇస్తుండగా చంద్రరావు కొబ్బరిబొండాలు తెచ్చాడు. సూర్యకళ గారు బొండం కొట్టడానికి పెరట్లోకి వెళ్ళారు. వీరాస్వామి గారు వాణ్ణి దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"చంద్రరావూ, నిన్న ఎన్ని మాలలకి అణిగిందిరా?"

"నాకేం మాలలు బాబాయ్? పంచాయితీ ఆఫీసు దాటేదాకా కొట్టుకుంది."

"మూడు మాలలు. ఇప్పుడు మూడు పడతాది." దగ్గు వచ్చింది. ఆగాక మళ్ళీ మొదలుపెట్టారు. "నాకోసం ఒక పని చెయ్యాలిరా."

"చెప్పు బాబాయ్. ఇంజను విప్పమంటే మాత్రం నావల్ల కాదు. రాజుగారు నన్ను విప్పేస్తారు."

వీరాస్వామి గారి పెదవులు నవ్వినట్టు కదిలాయి. పెరట్లో కత్తి చప్పుడవుతోంది. అటు చూసి, గొంతు తగ్గించారు.

"నా రోజున బండిని షెడ్డులో స్టార్ట్ చెయ్యకు."

"బాబాయ్, ఊరుకో. అవేం మాటలు?"

"విను ముందు. ఆవిడొచ్చేస్తాది. తాళం తిప్పకుండా, గేరు తీసేసి, నలుగురూ చెయ్యేసి తోసుకుంటూ కాలవగట్టు దాకా తీసుకెళ్ళండి. తలుపులమ్మ కొట్టు దగ్గర కాస్త ఎత్తుంటాది, అక్కడ బలం పట్టాలి. బ్రేకులు నేను చూసే ఉన్నాను, భయం లేదు. వంతెన కూడా తోసుకుంటూనే దాటాక స్టార్ట్ చెయ్యి. అక్కణ్ణుంచి మనింటికి వినబడదు." తలగడ కింద నుంచి తులసిమాల తీసి వాడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు. "మూడుసార్లు తిప్పు. ఫోనులో టైము చూసుకోకు, తొందరపడతావు. రామనామం చెప్పుకో. పూర్తిగా అణిగిందనుకున్నాక, అప్పుడు రా మా వాకిట్లోకి. ఆవిడ చెవిన అది పడకూడదు. చేస్తావా?"