నలుగురికి ఒక గది

మా చిన్నాయన పోయాడు. మార్కెట్ మెట్ల మీద ఆయాసంతో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడని ఆయన పనిచేసే సేఠ్ దుకాణం నుంచి పక్కింటికి ఫోను వచ్చింది. కబురందిన బంధువులంతా కరీంనగర్ వైపు నుంచి రైలెక్కి సూరత్ వచ్చారు. సంచులతో గుమ్మంలో నిలబడ్డ వాళ్ళను చూస్తే ఆయన మాటే గుర్తొచ్చింది.

"మనోళ్ళు రైలెక్కిన్రంటే ఎవలిదన్న పెండ్లన్న కావాలె, సావన్న కావాలె. ఉత్తగ ఎవడు తిరుగుతడు బిడ్డా?"

ఆయనకు ఉత్తగ తిరగాలని ఉండేది. చిన్నమ్మను వెంటబెట్టుకుని.

సూరత్‌లోని బమ్రోలిలో మాది ఉమ్మడి ఇల్లు. కింద మరమగ్గాలు, పైన నాయినమ్మతో సహా మేమంతా. పెద్దనాయన ఇంటి పెద్ద. చిన్నాయన మాత్రం మగ్గం వదిలి బట్టల మార్కెట్లో గుమాస్తాగా చేరాడు. ఆయనకూ చిన్నమ్మకూ పిల్లల్లేరు. చిత్తుకాగితాల కొట్లో తూకానికి అమ్మే పాత నవలలు ఏరి నాకు తెచ్చేవాడు. "దేనికి పనికొస్తయి ఇవి?" అని ఇంట్లో ఎవరైనా అంటే, "దేనికీ రావు, అందుకే తెచ్చిన" అనేవాడు.

బ్యాంకు ఆయనకు క్రెడిట్ కార్డు ఇచ్చినప్పుడు దాంతో ఒక రంగుల పుస్తకం వచ్చింది. కాన్వెంటులో చదువుతున్నానని నన్నే చదివి చెప్పమన్నాడు. కార్డు మీద సామాన్లు కొంటే పాయింట్లు వస్తాయి, పాయింట్లు పోగైతే కానుకలిస్తారు. మిక్సీ, గోడ గడియారం దాటి చివరి పేజీలో ఆగాడు. సాపుతారా కొండ మీద హోటల్లో కుటుంబానికి ఒక గది.

"ఏముంటదయ్యా ఆడ?" అంది చిన్నమ్మ.

"మబ్బుంటది."

"గంతేనా? మబ్బు సూడనీకి పోతరా ఎవలన్న?"

"ఎవలు పోరు. మనం పోదం."

ఆమె నవ్వేసి రొట్టె తిప్పింది. తర్వాత నన్ను వంటింటి చాటుకు పిలిచి, "ఆడ సలి వెడ్తదా?" అని అడిగింది. ఆ వారమే ఊలు కొని శాలువా అల్లడం మొదలుపెట్టింది.

అప్పటి నుంచి వాడలో ఎవరు ఏం కొన్నా చిన్నాయన వెంట వెళ్ళేవాడు. వాళ్ళు నగదు ఆయన చేతిలో పెడితే, ఆయన దుకాణంలో కార్డు ఇచ్చి, ఆ నగదు తీసుకెళ్ళి బ్యాంకులో కట్టేవాడు. దుకాణదారు కార్డు మీద కార్బన్ కాగితం పరిచి ఇనుప పట్టీని చర్రున లాగితే ఆయన ముఖం వెలిగేది.

"ఏం మామా, నా ఫ్రిజ్జు మీద నువ్వు కొండెక్కుతవా?" అని వేళాకోళం చేసేవాళ్ళు.

"నీ ఫ్రిజ్జు సల్లగుండ, ఎక్కుతరా!"

పాయింట్లు నిండాయి. అన్నాల దగ్గర పెద్దనాయన నన్ను అడిగాడు.

"కుటుంబమంటే ఎందరని రాసిన్రు బిడ్డా?"

"నలుగురు."

"అయితే అమ్మ పోవాలె. అమ్మను నేను పట్టుకపోవాలె. మీ పెద్దమ్మ లేకుంటే అమ్మకు నీళ్ళెవలు పోస్తరు? ఇగ నా కొడుకు సిన్నోడు ఒక్కడు."

మా ఇంట్లో కొత్త బట్టయినా, మొదటి ముద్దయినా పెద్దల తర్వాతే. చిన్నాయన కంచంలోంచి తలెత్తలేదు. "అట్లనే అన్నా" అన్నాడు. చిన్నమ్మ పప్పు వడ్డిస్తూనే ఉంది.

అయితే కార్డు ఎవరిదో ఆ మనిషే వచ్చి సంతకం పెట్టాలని హోటల్ వాళ్ళ నియమం. అందుకని చిన్నాయనా వెళ్ళాడు. చిన్నమ్మ అల్లిన శాలువా నాయినమ్మ భుజాల మీద వెళ్ళింది. ఆయన సంతకం పెట్టి, పెట్టెలు గదికి మోసి, కిందికి దిగి బస్టాండు బెంచీ మీద పడుకున్నాడు. గది నలుగురిదే.

"యాడ పన్నవయ్యా?" అని తిరిగొచ్చాక చిన్నమ్మ అడిగింది.

"మబ్బు కిందనే" అన్నాడు.

గది ఖాళీ చేసేటప్పుడు పెట్టెలు దించడానికి మళ్ళీ లోపలికి వెళ్ళి, ఎవరూ విప్పని చిన్న సబ్బు ఒకటి జేబులో వేసుకొచ్చాడు. కాగితం మీద కొండ బొమ్మ. "మల్ల జమ జేస్త. అప్పుడు మనమిద్దరమే" అని ఆమె చేతిలో పెట్టాడు. నిజంగానే మళ్ళీ మొదలుపెట్టాడు. సాపుతారా మాకు బస్సులో ఒక పూట దూరం. టికెట్టు కొనుక్కుని వెళ్ళొచ్చు కదా అని నేనే ఒకసారి అన్నాను. "జీతం ఇంటిది బిడ్డా. పాయింట్లే నావి" అన్నాడు. ఆ పాయింట్లు కూడా ఆయనవి కాలేదు.

బంధువుల మధ్య పెద్దనాయన ఏడ్చాడు. "మా అమ్మకు కొండ సూపెట్టిండు నా తమ్ముడు" అన్నాడు. అబద్ధపు ఏడుపు కాదది. కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"బ్యాంకుల అడుగు బిడ్డా. మిగిలిన పాయింట్లకు మిక్సీ అన్న ఇస్తరేమో."

పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం నాకు రాదు. "అడగను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కర్మ రోజు చిన్నమ్మను తాపీ నది ఒడ్డుకు తీసుకెళ్ళారు. గాజులు తీశాక ఆడవాళ్ళు ఆమెను నీళ్ళలోకి దింపారు. ఆమె కొంగుముడి విప్పి ఆ సబ్బు తీసింది.

"ఇయాల సబ్బు వెట్టుకోవద్దే" అంది ఎవరో.

చిన్నమ్మ వినలేదు. కొండ బొమ్మ కాగితాన్ని చింపకుండా ఒలిచి నా చేతికిచ్చింది. ముఖానికి, మెడకు, బోసి చేతులకు, తొందర లేకుండా సబ్బు రుద్దుకుంది. తెల్లని నురగ మబ్బులా ఆమె చుట్టూ కాసేపు నిలిచి, విడిపోకుండా నీటి మీద నెమ్మదిగా సాగిపోయింది. రమ్మని ఒడ్డు మీంచి పిలుస్తున్నా, ఆమె అది పోతున్న వైపే చూస్తూ నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉంది.